పాలు ఎంత వేడెక్కాయో ముందు చూడండి, తర్వాతే మెంబ్రేన్ బిగించండి

మాది పాలకొల్లు దగ్గర పల్లె. ఊరి పేరులోనే పాలున్నాయి, క్షీరారామం గుడి ఉంది, ఇంటి ముందు గేదెలున్నాయి. ఇన్ని ఉన్నా, పాలలోని ప్రొటీన్లను మెంబ్రేన్‌తో, అంటే కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలున్న వడపోత పొరతో, విడదీయబోయిన నా మొదటి ప్రయత్నం నవ్వులపాలైంది.

ఏప్రిల్ నెల. దగ్గర్లోని ఒక పాల కేంద్రం నుంచి ఇరవై లీటర్ల గేదె పాలు తెచ్చి, సెపరేటర్‌తో వెన్న తీసేసి, మైక్రోఫిల్ట్రేషన్ మాడ్యూల్‌లోకి, అంటే ఆ మెంబ్రేన్ బిగించిన గొట్టంలోకి, పంపాం. అవతలికి దిగిన ద్రవం అద్దంలా తేటగా ఉంది. సంబరపడ్డాం. అందులో ప్రొటీన్ ఏమాత్రం ఉందో చూద్దామని కాస్త నిమ్మఉప్పు వేసి మరిగిస్తే ఒక్క తునక కూడా కట్టలేదు. రంధ్రాల సైజు తప్పు ఇచ్చారని మెంబ్రేన్ అమ్మినవాళ్లతో రెండు వారాలు గొడవపడ్డాను. చివరికి తెలిసిందేమిటంటే, ఆ ఉదయం కేంద్రంలో కరెంటు పోయి కూలర్ ఆగిపోయింది. పాలు విరిగిపోతాయేమోనని అక్కడి కుర్రాడు క్యాన్లను పొయ్యి మీద పెట్టి బాగా మరిగించి, చల్లార్చి మాకిచ్చాడు. అతను చేసింది మంచి పనే. కాచిన పాలా, పచ్చి పాలా అని అడగకపోవడం నా తప్పు.

అందుకే ఫుడ్ టెక్నాలజీ చదివే పిల్లలు వచ్చినా, చిన్న డెయిరీ పెట్టి "వే ప్రొటీన్ మనమే తీయలేమా అండీ" అని అడిగేవాళ్లు వచ్చినా, నేను మెంబ్రేన్ దగ్గర మొదలుపెట్టను. వేడి దగ్గర మొదలుపెడతాను.

ముందుగా జున్ను, వల

పాలలో ప్రొటీన్లు రెండు జాతులు. నూటికి 80 పాళ్లు కేసిన్. మిగతా 20 పాళ్లు విరుగుడు ప్రొటీన్లు, అంటే బజారులో డబ్బాల్లో అమ్మే వే ప్రొటీన్. కేసిన్ విడివిడిగా ఉండదు. కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి ముద్దలు కట్టి తేలుతుంటుంది. ఒక్కో ముద్ద అడ్డంగా సగటున 150 నుంచి 200 నానోమీటర్లు. విరుగుడు ప్రొటీన్ అణువులు కొద్ది నానోమీటర్లే. 100 నానోమీటర్ల రంధ్రాలున్న మెంబ్రేన్ మధ్యలో పెడితే పెద్దవి ఇటు ఆగుతాయి, చిన్నవి నీళ్లతో, లాక్టోజు అనే పాల చక్కెరతో కలిసి అటు దిగుతాయి. చెరువులో వల కన్ను చూసుకుని వేస్తే బొచ్చె ఆగి, రొయ్యపిల్ల జారిపోయినట్టన్నమాట.

ఇప్పుడు ఆ రొయ్యపిల్లలన్నీ బొచ్చెల వీపులకు అతుక్కుపోయాయనుకోండి. వల కన్ను ఎంత సరిగ్గా ఉన్నా ఏం లాభం? పాలు గట్టిగా కాస్తే జరిగేది అదే.

కేసిన్‌కి వేడంటే పెద్ద లెక్కలేదు. విరుగుడు ప్రొటీన్లు మాత్రం గుడ్డు తెల్లసొన లాంటివి, వేడికి ఉడుకుతాయి. దీనికి సాక్ష్యం మన ఇళ్లలోనే ఉంది. ఈనిన గేదె జున్నుపాలలో బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద పెడితే తోడు వేయకుండానే గడ్డకడతాయి. ఆ పాలలో ఇమ్యునోగ్లోబ్యులిన్లు (దూడను రోగాల నుంచి కాపాడే విరుగుడు ప్రొటీన్లు) విపరీతంగా ఉంటాయి కనుక అది సాధ్యం. మామూలు పాలలో విరుగుడు ప్రొటీన్ తక్కువ కాబట్టి గడ్డ కట్టదు గానీ, కంటికి కనపడకుండా ఉడకడం మాత్రం ఉడుకుతుంది. వేడికి ముందుగా లొంగేవి ఇమ్యునోగ్లోబ్యులిన్లు, తర్వాత సీరమ్ ఆల్బుమిన్, ఆ తర్వాత బీటా లాక్టోగ్లోబ్యులిన్, అన్నిటికంటే ఆఖర్న ఆల్ఫా లాక్టాల్బుమిన్.

ఇందులో కథానాయిక బీటా లాక్టోగ్లోబ్యులిన్. దాని మడతల్లో ఒక గంధకపు కొక్కెం దాగి ఉంటుంది. 70 డిగ్రీలు దాటి పైకి వెళ్లేకొద్దీ మడత విప్పుకుని ఆ కొక్కెం బయటపడుతుంది. కేసిన్ ముద్ద పైపొరలో ఉండే కప్పా కేసిన్‌కి తగులుకుంటుంది. చల్లారినా ఊడదు. దాలి మీద సాయంత్రం దాకా కాగిన పాల పెరుగు కత్తితో కోసేంత గట్టిగా ఉండటానికి, మీదకి నీరు తేలకపోవడానికి ఇదే ముఖ్య కారణం. అమ్మమ్మలకు పెరుగులో మేలు చేసిన ఈ గుణమే మన వడపోతకు అడ్డుపడుతుంది.

1. పాల పుట్టుక అడగండి

పాలు తెచ్చుకునేటప్పుడు మూడు ప్రశ్నలు: ఎప్పుడు పిండారు, ఎక్కడ చల్లబరిచారు, మధ్యలో ఎక్కడైనా వేడి చేశారా. ప్యాకెట్ పాలతో మొదలుపెట్టొద్దు. వాటిని ఎలాగూ పాశ్చరైజ్ చేసి ఉంటారు, కొన్నిటిలో పొడి కూడా కలుస్తుంది. నెలల తరబడి నిల్వ ఉండే యూహెచ్‌టీ పాలైతే అసలే వద్దు. పాలపొడితోనే ప్రయోగం చేయక తప్పకపోతే సంచి మీద "లో హీట్" అని ఉన్నదే కొనండి. పొడి గ్రాముకు 6 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి చెడని, అంటే వేడికి ఉడకని, విరుగుడు ప్రొటీన్ తాలూకు నత్రజని ఉంటేనే ఆ పేరు ఇస్తారు. 1.5, అంతకంటే తక్కువ ఉంటే "హై హీట్". అది బేకరీవాళ్లకు బావుంటుంది, మనకు కాదు.

పీహెచ్, అంటే పులుపు కొలత, చూడండి. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. తాజా గేదె పాలు 6.7 అటూఇటూగా ఉంటాయి. బాగా తక్కువుంటే పులుపెక్కుతున్నాయి. 7 దగ్గరికి పోతే ఎవరో సోడా కలిపారేమోనని అనుమానించండి. ఇది రుచి కోసమో నిజాయితీ కోసమో చెప్పడం లేదు. వేడి చేసేటప్పటి పీహెచ్‌ని బట్టి ఫలితం మారుతుంది. 6.5 దగ్గర కాస్తే ఉడికిన విరుగుడు ప్రొటీన్ ఎక్కువగా కేసిన్ ముద్దల మీదికే చేరుతుంది. 6.7 దాటి పైకి పోయేకొద్దీ అది కప్పా కేసిన్‌ను కూడా లాక్కుని, ద్రవంలోనే చిన్న చిన్న గుంపులుగా మిగులుతుంది. ఆ గుంపులు రంధ్రాల నోళ్లలో ఇరుక్కుంటాయి.

2. వంటింటి పరీక్ష

మెంబ్రేన్ కొనకముందే, ఇంకా చెప్పాలంటే దానికోసం అప్పు చేయకముందే, ఇది ఒకసారి చేయండి. పెట్టుబడి కాస్త వెనిగర్, ఒక పీహెచ్ కాగితం.

వెన్న తీసిన పచ్చి పాలు 400 మిల్లీలీటర్లు తీసుకుని రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని 40 డిగ్రీల గోరువెచ్చన దాటనివ్వకండి. రెండో భాగాన్ని మరిగే నీళ్ల గిన్నెలో పెట్టి 90 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, మళ్లీ 40కి చల్లార్చండి. రెండిట్లోనూ నీళ్లు కలిపి పలుచన చేసిన వెనిగర్‌ను కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా తిప్పండి. పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేసరికి పాలు విరుగుతాయి. పలుచటి గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లను మళ్లీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. వచ్చిన తేటను రెండు గాజు గొట్టాల్లో పోసి మరిగే నీళ్లలో 10 నిమిషాలు నిలబెట్టండి.

పచ్చి పాల తేట తెల్లబడి, తునకలు కట్టి, కాసేపటికి అడుగున మడ్డిలా దిగుతుంది. కాచిన పాల తేట దాదాపు అలాగే ఉండిపోతుంది. మొదటి గొట్టంలో అడుగున కూర్చున్నదే మీరు మెంబ్రేన్‌తో పట్టాలనుకుంటున్న సరుకు. రెండో దానిలో అది ఏమైందంటే, ఇందాక గుడ్డలో మిగిలిన విరిగిన పాల ముద్దలోకే పోయింది. పనీర్ చేసేవాళ్లు పాలను 90 దాకా కాచి విరగ్గొట్టేది అందుకే. బరువు కలిసొస్తుంది.

ఒక్క జాగ్రత్త. నిమ్మరసం చేతికొచ్చినట్టు పిండకండి. పీహెచ్ 3.5కి పడిపోతే విరుగుడు ప్రొటీన్ మరిగించినా సరిగా తునకలు కట్టదు. అప్పుడు పచ్చి పాలకు కూడా "లేదు" అనే జవాబు వస్తుంది.

కొత్త చోటు నుంచి పాలు వచ్చిన ప్రతిసారీ నేనిప్పుడు ఇదే చేస్తాను. అర గంట పని. ఆ రోజు చేసి ఉంటే రెండు వారాల గొడవ తప్పేది.

3. వేడి చేయడం, గడియారం పట్టుకుని

అసలు ప్రయోగానికి, అంటే వేడిని బట్టి మెంబ్రేన్ గుండా దిగే విరుగుడు ప్రొటీన్ ఎంత మారుతుందో చూడటానికి, వెన్న తీసిన పాలను నాలుగు భాగాలు చేయండి. మొదటిది పచ్చిది. రెండోది 63 డిగ్రీల్లో 30 నిమిషాలు. మూడోది 72 డిగ్రీల్లో 15 సెకన్లు. నాలుగోది 90 డిగ్రీల్లో 5 నిమిషాలు. మధ్యవి రెండూ పాశ్చరైజేషన్‌కు అందరూ ఒప్పుకున్న లెక్కలు. వాటిలో బీటా లాక్టోగ్లోబ్యులిన్ చెడేది చాలా కొద్ది, సాధారణంగా నూటికి పది లోపే. నాలుగో దాంట్లో చాలా భాగం పోతుంది. మీ గ్రాఫ్‌లో తేడా కొట్టొచ్చినట్టు కనపడేది అక్కడే. ఓపికుంటే 80 డిగ్రీలు 5 నిమిషాలు కూడా చేర్చండి. మధ్యలో మలుపు ఎలా ఉందో తెలుస్తుంది.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పది లీటర్ల గిన్నె స్టవ్ మీద పెట్టి, థర్మామీటర్ 72 చూపించగానే 15 సెకన్లు లెక్కపెట్టి దించేస్తారు. ఆ గిన్నె 60 నుంచి 72కి చేరడానికి పట్టిన సమయం, దించాక మళ్లీ 60కి దిగడానికి పట్టిన సమయం ఎవరు లెక్కేస్తారు? అడుగున గిన్నెకు అంటుకున్న పాలు ఎంత వేడెక్కాయో ఎవరికి తెలుసు? కాగితం మీద 15 సెకన్లు, పాలకు తెలిసింది ఇరవై నిమిషాలు. సన్నటి స్టీలు గొట్టాన్ని చుట్టలా చుట్టి వేడి నీటి తొట్టెలో ముంచి, పంపుతో పాలు దాని గుండా నడిపి, బయటికి రాగానే ఐసు నీళ్లలో ఉన్న ఇంకో చుట్టలోకి పంపండి. అది కుదరకపోతే పలుచటి గాజు గొట్టాల్లో కొద్దికొద్దిగా వేడి చేయండి, దించిన వెంటనే ఐసులో పెట్టండి. ఎక్కడానికి పట్టిన సమయం, దిగడానికి పట్టిన సమయం రెండూ నోట్‌బుక్‌లో రాయండి.

పాలు 80 డిగ్రీలు దాటాయో లేదో తర్వాత తెలుసుకునే దారి కూడా ఉంది. పాలలోని లాక్టోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ 72 డిగ్రీలు 15 సెకన్లకు బతుకుతుంది, 80 దాటితే కొద్ది సెకన్లలోనే పోతుంది. అది లేదంటే ఎవరో పాలను గట్టిగా కాచారని అర్థం.

4. మెంబ్రేన్ నడపడం

మన ఊళ్లలో వీధికో ఆర్వో ప్లాంటు ఉంది కాబట్టి మెంబ్రేన్ అనగానే అదే గుర్తొస్తుంది. ఆ మెంబ్రేన్ ఇక్కడ పనికిరాదు. దాని గుండా దాదాపు నీళ్లు తప్ప ఏమీ దిగవు. అల్ట్రాఫిల్ట్రేషన్ (మైక్రోఫిల్ట్రేషన్ కంటే సన్నటి రంధ్రాల వడపోత) ప్రొటీన్లన్నిటినీ ఆపి లాక్టోజును, లవణాలను వదులుతుంది. కేసిన్ ఒక పక్క, విరుగుడు ప్రొటీన్ ఒక పక్క కావాలంటే 0.1 మైక్రాన్, అంటే ఇందాకటి 100 నానోమీటర్ల, మైక్రోఫిల్ట్రేషనే. బ్యాక్టీరియాను తీయడానికి వాడే 1.4 మైక్రాన్ మెంబ్రేన్ వేరు. దానిలోంచి కేసిన్ కూడా దిగిపోతుంది.

ల్యాబ్‌లో సిరంజికి బిగించే చిన్న ఫిల్టర్లతో ప్రయత్నించొద్దు, రెండు మిల్లీలీటర్లకే మూసుకుపోతాయి. పాలు మెంబ్రేన్‌కు ఎదురుగా గుద్దకుండా దాని వెంబడి పారేలా ఉండే మాడ్యూల్ కావాలి. కారణం డెల్టా రైతుకి చెప్పనక్కర్లేదు. కాలువలో నీరు ఉరకలేస్తే ఒండ్రు నిలవదు, నెమ్మదిస్తే పూడిక పడుతుంది. మెంబ్రేన్ మీద కేసిన్ పూడిక కూడా అంతే. పంపు వేగం తగ్గించి, ఒత్తిడి పెంచి "ఎక్కువ దిగుతుంది" అనుకోవడం కొత్తవాళ్ల పొరపాటు. ఒత్తిడి ఎక్కువైతే ఆ పూడిక జిగురు పొరలా బిగుసుకుని విరుగుడు ప్రొటీన్‌ను కూడా ఆపేస్తుంది. ఒక బార్ లోపే ఉంచండి. ముందు పాలను తిరగనివ్వండి, ఆ తర్వాతే తేట (మెంబ్రేన్ అవతలికి దిగే ద్రవం) వాల్వు మెల్లగా తెరవండి.

కూలర్ నుంచి వచ్చిన 4 డిగ్రీల పాలను నేరుగా పోయకండి. చలికి బీటా కేసిన్ అనే ఒక రకం కేసిన్ కొంత ముద్దల్లోంచి జారి బయటికొస్తుంది, అది కూడా తేటలోకి దిగి మీ లెక్క పాడుచేస్తుంది. 50 డిగ్రీలకు వెచ్చబెట్టి అర గంటకు పైగా ఆగితే చాలావరకు తిరిగి ముద్దలోకి చేరుతుంది. 50 దగ్గర పాలు పలుచగా ఉండి వడపోత కూడా చురుగ్గా సాగుతుంది. అయితే ఆ వేడిని ఇష్టపడే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. రెండు మూడు గంటల్లో ముగించండి. ప్లాస్టిక్ జాతి స్పైరల్ (చుట్టగా చుట్టిన) మెంబ్రేన్లను కొందరు చల్లగా, 10 డిగ్రీల దగ్గర నడుపుతారు. అందులో బీటా కేసిన్ దిగడం మామూలే. మీరు ఏది ఎంచుకున్నా నాలుగు భాగాలకూ ఒకటే ఉష్ణోగ్రత, ఒకటే ఒత్తిడి ఉండాలి.

ఎంత దిగాక ఆపాలి? 30 లీటర్లు పోస్తే 20 లీటర్లు తేటగా వచ్చాక ఆపితే పాలు మూడింతలు చిక్కబడినట్టు. విరుగుడు ప్రొటీన్‌కు అడ్డేమీ లేదనుకుంటే నూటికి 67 పాళ్లు దిగిపోతాయి. మిగిలిన 10 లీటర్లలో 20 లీటర్ల నీళ్లు పోసి మళ్లీ అంతే తీస్తే మొత్తం 89, మూడోసారికి 96. నిజంగా నడిపితే పూడిక వల్ల ఇంతకంటే తక్కువే వస్తుంది. మామూలు నీటికి బదులు అల్ట్రాఫిల్ట్రేషన్ తేట పోయగలిగితే లవణాల తూకం చెదరదు. కాచిన పాలతో ఎన్నిసార్లు నీళ్లు పోసినా ఈ అంకెల దగ్గరికి కూడా రారు. అతుక్కున్నది కడిగితే వచ్చేది కాదు.

5. కొలత, అందులో ఉన్న బురిడీ

తేటను కంటితో నమ్మొద్దు. పచ్చి పాల తేట, కాచిన పాల తేట రెండూ లేత పసుపుపచ్చగా తేటగానే ఉండొచ్చు. ద్రవంలో కరిగినదెంతో చూపే బ్రిక్స్ మీటర్‌నీ నమ్మొద్దు, అది చూపించేది ఎక్కువగా లాక్టోజునే. పాల కేంద్రంలో ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థం) చూపించే మిషన్ పాల కోసం సరిచేసింది. దానిలో తేట పోస్తే ఏదో ఒక ప్రొటీన్ అంకె వస్తుంది, దానికి అర్థం ఉండదు.

సరైన దారి కెల్డాల్ పద్ధతిలో, అంటే నత్రజనిని బట్టి ప్రొటీన్ లెక్కగట్టే ల్యాబ్ పద్ధతిలో, నత్రజని చూడటం. మూడు కొలతలు కావాలి: పాలలో మొత్తం నత్రజని, పీహెచ్ 4.6 దగ్గర కేసిన్ తీసేశాక మిగిలింది, 12 శాతం ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో ప్రొటీన్లన్నీ తీసేశాక మిగిలింది. రెండో దాంట్లోంచి మూడోది తీసేసి 6.38తో గుణిస్తే చెడకుండా ఉన్న విరుగుడు ప్రొటీన్. మూడోదాన్ని తీయడం మరిచిపోతే యూరియా వగైరా నత్రజని కూడా ప్రొటీన్‌లాగే లెక్కలోకొస్తుంది. కాచిన పాల తేటలోనూ ప్రొటీన్ ఉందని మీరే మోసపోతారు.

అసలు బురిడీ ఇంకొకటుంది. తేటలో ఉన్న విరుగుడు ప్రొటీన్‌ను, మాడ్యూల్‌లోకి పోసిన పాలలోని విరుగుడు ప్రొటీన్‌తో భాగించి "ఎంత శాతం దిగింది" అని రాస్తాం కదా. కాచిన పాలలో ఆ కిందున్న అంకె కూడా పడిపోయి ఉంటుంది, ఎందుకంటే అతుక్కుపోయినది పీహెచ్ 4.6 దగ్గర కేసిన్‌తోపాటే పడిపోతుంది. పైదీ కిందదీ రెండూ తగ్గితే శాతం చక్కగానే కనిపిస్తుంది. "వేడి వల్ల తేడా ఏమీ లేదు" అని రాసిన ప్రాజెక్టు రిపోర్టు ఒకటి నా చేతికి వచ్చింది, అంకెలన్నీ కరెక్టే, భాగహారమే తప్పు. ఎప్పుడూ వేడి చేయని భాగంలోని అంకెతోనే భాగించండి.

ఎస్‌డీఎస్ పేజ్ జెల్ (ప్రొటీన్లను సైజు ప్రకారం గీతలుగా విడదీసే ల్యాబ్ పరీక్ష) నడిపే వీలుంటే కాచిన పాలను రెండు వరసల్లో పెట్టండి, ఒకటి గంధకపు కొక్కేలను ఊడదీసే మెర్కాప్టో ఇథనాల్‌తో, ఒకటి అది లేకుండా. లేని వరసలో బీటా లాక్టోగ్లోబ్యులిన్ గీత పలచబడి, పెద్ద గుంపులు జెల్ పైనే ఆగిపోతాయి. ఉన్న వరసలో కొక్కేలు ఊడి గీత మళ్లీ కనపడుతుంది. ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు, అతుక్కుంది అంతే అని కళ్లకు కట్టే బొమ్మ అది.

6. ఏ పనికి ఏ వేడి

విరుగుడు ప్రొటీన్ చెడకుండా కావాలంటే 72 డిగ్రీలు 15 సెకన్లు దాటకండి. చిక్కటి పెరుగు కోసమే ప్రొటీన్ పెంచాలనుకుంటే మైక్రోఫిల్ట్రేషన్ జోలికే పోవద్దు. అల్ట్రాఫిల్ట్రేషన్ చేసి, ఆ తర్వాత పెరుగుకు కావలసినంత కాచుకోండి, రెండు ప్రొటీన్లూ మీ దగ్గరే ఉంటాయి. రోజుకు ఐదారు వందల లీటర్ల డెయిరీకి నా సలహా ఇదే. రెన్నెట్ అనే ఎంజైమ్‌తో పాలు గడ్డకట్టించి చీజ్ చేసేవాళ్లు కూడా గట్టిగా కాచిన పాలకు దూరంగా ఉండాలి, గడ్డ సరిగా కట్టదు.

ప్రయోగశాల సామానులోంచి వచ్చిన తేటను ఎంత శుభ్రంగా కనిపించినా నాలుక మీద వేసుకోకండి. పచ్చి పాలతో చేసిన పని అది.

7. కడగడం

పని అయిన నిమిషమే కడగండి. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినట్టు తర్వాత తీరిగ్గా చేస్తామంటే కుదరదు. ముందు 50 డిగ్రీల నీళ్లతో పాలన్నీ పోయేదాకా తోలండి, తర్వాత క్షారం, మళ్లీ నీళ్లు, తర్వాత ఆమ్లం, మళ్లీ నీళ్లు. క్షారం ప్రొటీన్‌ను, ఆమ్లం కాల్షియం పొరను తీస్తాయి. గాఢత, వేడి మెంబ్రేన్ చేసినవాళ్లు ఇచ్చిన కాగితం ప్రకారమే. సిరామిక్ తట్టుకునేది ప్లాస్టిక్ తట్టుకోదు. క్లోరిన్, ఆమ్లం ఒకదానికొకటి తగలనివ్వకండి, విషవాయువు వస్తుంది.

కొత్త మెంబ్రేన్ పెట్టిన రోజే మంచినీళ్లు నిమిషానికి ఎన్ని దిగుతున్నాయో, ఏ ఒత్తిడిలో, ఏ ఉష్ణోగ్రతలో చూసి రాసిపెట్టుకోండి. కడిగిన ప్రతిసారీ అదే ఒత్తిడిలో, అదే వేడిలో మళ్లీ చూడండి. 90 డిగ్రీల్లో కాచిన పాలు నడిపిన రోజున ఆ అంకె వెనక్కి రావడానికి రెండోసారి క్షారం పట్టొచ్చు. అది వెనక్కి రాకుండా తర్వాతి భాగం పాలు పోయకండి. అందుకే నేను పచ్చి పాలతో మొదలుపెట్టి, వేడి తక్కువ నుంచి ఎక్కువకు వెళ్తాను, 90ది ఆఖర్న. ప్లాస్టిక్ మెంబ్రేన్‌ను ఎండనివ్వకుండా, చేసినవాళ్లు చెప్పిన ద్రావణంలో ముంచి, మూత బిగించి నీడన పెట్టండి.